హైదరాబాద్ సిద్దీలు

ఇథియోపియా నుంచి, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి వచ్చి దక్కన్‌లో స్థిరపడినవారి సంతతి. హబ్షీలని కూడా పిలుస్తారు. నగరంలో వీరి ప్రధాన నివాసం మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్.

హిందూ మహాసముద్రం మీద సాగిన బానిస వ్యాపారంలో అమ్ముడుపోయి వచ్చినవాళ్లే వీరి పూర్వీకుల్లో ఎక్కువ. సిపాయిలుగా, నావికులుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. బానిసగా వచ్చి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ (1548–1626) పేరు చెప్పి, అప్పటి బానిసత్వం అంత కఠినమైనదేం కాదనేవాళ్లు ఉన్నారు. అందలమెక్కింది ఏ కొందరో, మిగతావాళ్ల పేర్లు కూడా మిగల్లేదు.

నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆశ్విక దళం నివసించిన చోటే ఏసీ గార్డ్స్. ఈ దళం 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం నుంచి నిజాముకు చేరిందని చెబుతారు. వేర్వేరు తావుల నుంచి, వేర్వేరు భాషలతో వచ్చినవాళ్లను ఒక్క జాతిగా కలిపింది ఆఫ్రికా కంటే ఈ కొలువే అనిపిస్తుంది. ఇవాళ నగర శివార్లలోని బొంతపల్లి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో చేరే ఒడిశా, బీహార్ కూలీలు పండక్కి సొంతూరు పోయి రాగలరు. సిద్దీలకు ఆ దారి ఎన్నడో మూసుకుపోయింది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. మతం ఎక్కువమందికి ఇస్లాం.

1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక దళం రద్దయింది. జీతం, గుర్రం, హోదా పోయి బస్తీ మిగిలింది. దాంతోపాటు మర్ఫా మిగిలింది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులతో పంచుకున్న వాద్య సంగీతం ఇది. డఫ్, డోలు, స్టీలు బిందె మీద దరువు మొదలైతే కుర్రాళ్లు కర్రలు, కత్తులు తిప్పుతూ పెళ్లి బరాత్ ముందు చిందేస్తారు. ఒకప్పటి అంగరక్షకుల మనుమలను నగరం ఇప్పుడు పెళ్లిళ్లలోనే ఎక్కువగా గుర్తుపడుతుంది. టోలిచౌకిలో సోమాలియా, సూడాన్ విద్యార్థులు పెరిగాక, ఇక్కడే పుట్టిన సిద్దీని కూడా ‘ఏ దేశం?’ అని అడగడం మామూలైంది.

ప్రభుత్వ లెక్కలోనూ గుర్తింపు ఒకేలా లేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు 2003లో షెడ్యూల్డు తెగ హోదా దక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 చట్టం ఇక్కడివారిని వెనుకబడిన ముస్లింల బీసీ-ఈ జాబితాలో, 4 శాతం కోటా కింద చేర్చింది.