శనివారం, సుత్తి, సర్కారు

అమెరికాలో డాక్టరైనా ఇంజనీరైనా శనివారం వచ్చిందంటే పాత చొక్కా తొడుక్కుని, సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికి తనే రంగులేసుకుంటాడని, పుచ్చిపోయిన చెక్కలు తనే మార్చుకుంటాడని, చుట్టూ కుక్కలు గంతులేస్తుంటాయని మన కర్నూలు, కడప వైపు చెప్పుకుంటారు. విన్నవాళ్లలో కొందరు ఆ శ్రమగౌరవానికి మురిసిపోతారు. కొందరు కూలి ఇవ్వడానికి మనసొప్పని పిసినారితనమని నవ్వుతారు. ఇద్దరూ దాన్ని మనిషి గుణంగానే చూస్తున్నారు. నాకు మాత్రం అందులో చరిత్ర కనిపిస్తుంది. చేతిలో సుత్తి ఆయన కొనుక్కున్నదే. కానీ సుత్తి పట్టే తీరిక, ఇంటి మీది అప్పు, ఎదురుగా ఉన్న నీళ్లు, ఈ మూడూ ఆయనకు ప్రభుత్వం అమర్చిపెట్టినవి. అమర్చేటప్పుడు ఎవరికిచ్చింది, ఎవరిని కాదంది అన్నదే అసలు కథ.

ముందు తీరిక సంగతి. ఫోర్డ్ కంపెనీ 1926లో వారానికి ఐదు రోజుల పని పెట్టింది. కార్మికులు ఎన్నో ఏళ్లు కొట్లాడాక 1938లో కేంద్ర చట్టం వచ్చింది. వారానికి 44 గంటలతో మొదలైన పరిమితి 1940కల్లా 40 గంటలకు దిగింది. అది దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. 1944 చట్టం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇంటి రుణాల హామీ ఇచ్చింది. 1952 నాటికి ఆ హామీతో సుమారు 24 లక్షల రుణాలు మంజూరయ్యాయి. సొంతిల్లూ, రెండు రోజుల సెలవూ ఒకే తరానికి కలిసొచ్చాక సామాను అమ్మేవాళ్లు వెంటపడ్డారు. 1946లో బ్లాక్ అండ్ డెక్కర్ ఇళ్లలో వాడుకునే చవక డ్రిల్లు తెచ్చింది. 1954 ఆగస్టులో టైమ్ పత్రిక ఈ సొంతపని మోజును ముఖచిత్రం చేసింది. అడవిలో దుంగలు నరికి గుడిసె వేసుకున్న పూర్వీకుల నుంచే ఈ అలవాటు వచ్చిందని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కానీ ఆ పూర్వీకులు కట్టుకున్నది తలదాచుకోవడానికి. జీతమున్న మనిషి సెలవు రోజున రెండో ఇంటిని బాగుచేసుకోవడం వేరే సంగతి. ఆ రెండో ఇంటి అప్పు మీద కట్టే వడ్డీకి కూడా 1986 పన్నుల చట్టం మినహాయింపును నిలిపి ఉంచింది.

ఇక నీళ్లు. మిన్నెసోటా లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో సరస్సులు సహజమైనవే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మంచుయుగం తవ్విపోయిన గుంతలవి. దక్షిణాదిలో చాలాచోట్ల ఆ అదృష్టం లేదు. జార్జియాలో పెద్ద సరస్సు అంటే దాదాపుగా ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లే. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న లేనియర్ సరస్సునే తీసుకుందాం. చట్టహూచీ నది మీద సైన్యపు ఇంజనీర్లు బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి 1956లో గేట్లు దించారు. 50 వేల ఎకరాలకు పైగా భూమి సేకరించారు. వందల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లాయి, శ్మశానాలను సైతం తరలించారు. ఇప్పటికీ నీటి అంచు సైన్యపు ఇంజనీర్ల చేతిలోనే ఉంది. ఒడ్డున సొంత పడవరేవు పెట్టుకోవాలంటే వాళ్ల పర్మిట్ కావాలి, చెట్టు కొట్టాలన్నా వాళ్లనే అడగాలి. వాళ్ల పార్కుల్లో కుక్క మెడతాడు ఆరడుగులకు మించకూడదని కేంద్ర నిబంధనల్లోనే రాసి ఉంది. స్వేచ్ఛకు ఆనవాలుగా మనం ఊహించుకునే ఆ ఒడ్డున కుక్క తాడుకూ కొలత ఉంది.

ఈ సౌఖ్యం అందరికీ దక్కలేదు. 1938 చట్టం పొలం కూలీలనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ వదిలేసింది. అప్పట్లో దక్షిణాదిలో నల్లజాతివాళ్లు ఎక్కువగా చేసేది ఆ పనులే. సైనికుల రుణాలు బ్యాంకుల ద్వారా అందాలి. 1947లో మిసిసిపిలోని 13 పట్టణాల్లో లెక్క తీస్తే, 3,229 రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. లేనియర్ పడమటి ఒడ్డున ఉన్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లోనే సుమారు 1,100 మంది నల్లజాతివాళ్లను తరిమేశారు. 1987 జనవరిలో అక్కడ పౌరహక్కుల ఊరేగింపు జరిగేనాటికి కూడా ఆ కౌంటీ దాదాపుగా తెల్లవాళ్లదే. ఇప్పుడు అదే కౌంటీలోని కమ్మింగ్ చుట్టూ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈ వెనకటి కథ తెలియకుండా అక్కడి జీవితాన్ని పొగడటం సగం పుస్తకం చదివి తీర్పు చెప్పడమే.

ఇంత చరిత్ర ఎందుకు, అక్కడ కూలి ఖరీదు కాబట్టి తామే చేసుకుంటారు, అంతేగా అనవచ్చు. కూలి ఖరీదైన మాట నిజమే, అయితే దాన్ని ఖరీదు చేసినవాటిలో పైన చెప్పిన 1938 చట్టమూ ఒకటి. తామే చేసుకోవడానికి ఇంకో కారణం, ఇల్లు కట్టే సరుకు. అక్కడి గోడ లోపల పదహారు అంగుళాలకొక కొయ్య నిలువు, దానిమీద నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు జిప్సం పలక. ఒక రంపం, ఒక స్క్రూ మెషిన్ ఉంటే ఒకరిద్దరు బిగించేస్తారు. మన నాపరాయి బండ ఎత్తాలంటే నలుగురు కావాలి, కాంక్రీటు శ్లాబుకు బేల్దారి ముఠాయే రావాలి. అంతకుముందు మనకూ సొంతపని లేకపోలేదు. మట్టిమిద్దెల కాలంలో వానలకు ముందు మిద్దె మీద చౌడు పోసి సర్దుకున్నది చాలామటుకు ఇంటివాళ్లే. శ్లాబు వచ్చాక ఆ పని పోయింది. సొంతపనిలో ప్రమాదం లేదనీ కాదు. 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగుల్లో సీసం ఉండవచ్చు. డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లకు ఆ దుమ్ము విషయంలో 2010 నుంచి కచ్చితమైన నిబంధనలున్నాయి. సొంతింట్లో గీకేవాడికి అవి వర్తించవు. ఆ దుమ్ము నేల మీద పాకే పిల్లలకూ, ఒళ్లు నాక్కునే కుక్కలకూ చేరుతుంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది: మన దగ్గర ప్రతివాడూ తన పని తానే చేసుకుంటే బేల్దారి, వడ్రంగి ఏం తినాలి? ఇది న్యాయమైన ప్రశ్న. నేను అందరినీ సుత్తి పట్టమనడం లేదు. చేతిపనిని ఒక కులానికి కట్టేసి, కూలి తక్కువ కాబట్టి మనం చేయనక్కర్లేదని గొప్పపడటాన్ని మాత్రం జీవనోపాధి పేరుతో సమర్థించలేం. పనికి పోని రోజు కూలి దక్కని బేల్దారికి శనాదివారాలు అనే మాటే లేదు. అక్కడినుంచి తెచ్చుకోదగ్గది సుత్తి పట్టే మోజు కాదు, పని గంటలకు హద్దు, దాటితే ఎక్కువ కూలి.

నీళ్ల విషయంలో మనకు పాఠం ఇంకా దగ్గరిది. 1981లో పూర్తయిన శ్రీశైలం డ్యామ్ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి, లక్ష మంది దాకా నిర్వాసితులయ్యారు. వాళ్ల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లో గానీ రాలేదు. గండికోట రిజర్వాయరు కోసం 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. ఇప్పుడు గండికోట లోయ చూడటానికి జనం పెరుగుతున్నారు, విడిది గృహాల మాట వినిపిస్తోంది. నీటి అంచుకు విలువ రావడం తప్పు కాదు. ఆ విలువ పెరిగేటప్పుడు ఊరు వదులుకున్నవాళ్లు లెక్కలో లేకపోవడమే లేనియర్ చేసిన తప్పు. నీటి అంచున కట్టడాలకు అనుమతి ఇచ్చే కాగితం మీద మొదటి హక్కు మునక గ్రామాలవాళ్లదని ముందే రాసుకుంటే, ఆ తప్పు మన దగ్గర జరగకుండా చూసుకోవచ్చు.