చివరి మజిలీ

దినపత్రికల పుణ్యమా అని ‘చివరి మజిలీ’ అనగానే మనకు శ్మశానం గుర్తొస్తోంది. పెద్దమనిషి ఎవరైనా పోతే చాలు, ఆ శీర్షిక సిద్ధం. కాలినడకన యాత్ర చేసినవాణ్ణి అడిగితే ఈ మాటకు వేరే అర్థం చెబుతాడు.

మజిలీ మొదట అరబ్బుల మాట. ‘నజల’ అంటే దిగడం, ‘మంజిల్’ అంటే దిగేచోటు. పారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చి మజిలీ అయింది. వచ్చాక పరాయిదనిపించలేదు. బస చేయడాన్ని మనమూ దిగడమనే అంటాం కదా! ఊరికొచ్చిన చుట్టాన్ని “ఎక్కడ దిగారు?” అంటే బస్సు సంగతి కాదు, బస సంగతి. హిందీలో మంజిల్ గమ్యమై కూర్చుంది, మేడలో అంతస్తు కూడా అయింది. తెలుగులో మాత్రం దారి మధ్యలోనే ఉండిపోయింది. ఆగే చోటూ మజిలీయే, అక్కడి నుంచి మళ్ళీ ఆగేదాకా నడిచే దూరమూ మజిలీయే. ఆమడ ఎక్కడైనా ఆమడే. మజిలీ ఎండనుబట్టి, నీళ్ళనుబట్టి, కాళ్ళ సత్తువనుబట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’లో సిద్ధుడు మజిలీకొక కథ చెప్పాలన్న షరతు మీదే పిల్లవాడు ఆయన వెంట కదులుతాడు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నిండా మజిలీలే: ఎక్కడ బసకు చోటుంది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి. (ఆయనది పల్లకీ. నడిచింది బోయీలు. వాళ్ళు రాసుంటే పుస్తకం ఇంకోలా ఉండేది.) కాశీ చేరడంతో ఆ మజిలీలు అయిపోవు, ఇంటిదాకా సాగుతాయి. అంటే ఆనాటి యాత్రికుడికి చివరి మజిలీ గుడి కాదు. తెల్లారి బయల్దేరితే సొంత గుమ్మం తొక్కబోయే రాత్రి అది.

శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల గుండా శ్రీశైలం నడిచేవాళ్ళకు ఇప్పుడా రాత్రి లేదు. వెళ్ళేటప్పుడు మజిలీలున్నాయి: వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను. కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్ళీ రాతిమెట్ల మీదుగా కైలాసద్వారానికి ఎక్కాలి. బొబ్బలెక్కిన అరికాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, కర్ర మీద ఒళ్ళు మోపి, మల్లన్నను పిలుచుకుంటూ ఎక్కుతారు. “ఇంకెంత దూరమన్నా?” అంటే “వచ్చేశాం” అనే జవాబే గాని కిలోమీటర్లు చెప్పేవాడుండడు. దర్శనమయ్యాక బస్సెక్కితే అది దోర్నాల మీదుగా తిప్పి ఆత్మకూరులో దింపుతుంది. దారంతా కునికిపాట్లే. తిరుగుదారిలో మజిలీలు పోయి స్టాపులు మిగిలాయి.

ఇంటిదారిలో పనిలేకుండా పోయిన మాట కాబట్టే దాన్ని శ్మశానానికి మోసుకెళ్ళడం అంత తేలికైంది. మజిలీ అన్నాక మర్నాడు లేచి మూట కట్టుకోవాలి. శీర్షికలు పెట్టే మిత్రులకు నా మనవి ఒక్కటే: అంత్యక్రియలకు ‘అంత్యక్రియలు’ అన్న మాట చాలు.