విజయా పత్రము, జఠరాగ్ని, యకృత్తు: ఒక ఔషధ భక్షణ చరిత్ర

భుజించిన అన్నం మూడు విధాలుగా విభజింపబడుతుందని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువునకు ఉపదేశించాడు. అన్నంలోని స్థూలభాగం మలమవుతుంది, మధ్యమభాగం మాంసమవుతుంది, అత్యంత సూక్ష్మభాగం మనస్సవుతుంది. నోట వేసుకొన్న పదార్థం ఉదరంతో ఆగిపోదు, మనస్సు వరకు పయనిస్తుంది అన్నదే ఆ ఉపదేశ తాత్పర్యం. ఆ ప్రయాణం ఎంత దీర్ఘమో, ఎన్ని ద్వారాలు దాటవలసి ఉంటుందో తెలిపే ఓషధి ఒకటి భారతదేశ చరిత్రలో ఉంది. వైద్యులు దానిని విజయ అన్నారు, లోకం భంగు అన్నది, తెలుగువారు గంజాయి మొక్క అంటారు.

నేడు ఈ ఓషధిలోని సి.బి.డి. అనే సారాన్ని వేరుచేసి మిఠాయిలలో, చాక్లెట్లలో, గమ్మీలనే మెత్తని బిళ్ళలలో కలిపి విక్రయిస్తున్నారు. అమెరికాలో మత్తుగుణం స్వల్పంగా ఉండే జనుము జాతి గంజాయి సాగుకు 2018 డిసెంబరులో చట్టబద్ధత లభించిన తరువాత ఇవి సాధారణ విపణులలోకి వచ్చాయి. అక్కడి తెలుగు గృహాలకు కూడా ఇవి అపరిచితాలు కావు. వీటి విషయంలో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఇది మన ఆయుర్వేదంలోని విజయే కనుక దోషం లేదన్నది మొదటిది. ఒకటి తిన్నా ఏమీ కాలేదు కనుక మరొకటి తినవచ్చునన్నది రెండవది. ఈ ఓషధి దేహంలో ఎలా ప్రవేశిస్తుందో తెలుసుకొన్నప్పుడు రెండు మాటలకూ సమాధానం లభిస్తుంది.

ప్రాచీన వాఙ్మయంలో భంగా శబ్దం అతిపురాతనం. అథర్వవేదం పదకొండవ కాండలో సోముడు రాజుగా గల ఓషధులను పాపవిమోచనార్థం ప్రార్థించే సందర్భంలో దర్భ, యవలతోపాటు భంగం పేరు వస్తుంది. పాణిని మహర్షి తన అష్టాధ్యాయి ఐదవ అధ్యాయంలో నువ్వులు, మినుములు, అవిసెలతోపాటు భంగను పేర్కొని, అది పండే క్షేత్రానికి పేరు ఎలా ఏర్పడుతుందో విధించాడు. అంటే ఆ కాలానికే ఇది పొలంలో పండించే పైరు. పదహారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు భావప్రకాశంలో దీని గుణాలను నిష్పక్షపాతంగా లెక్కించాడు. ఇది అగ్నిని వృద్ధిచేస్తుంది, పచనానికి తోడ్పడుతుంది, కఫాన్ని హరిస్తుంది. అయితే పిత్తాన్ని, మోహాన్ని, మదాన్ని కూడా పెంచుతుంది. గుణదోషాలు రెండూ ఒకే చోట చెప్పడం శాస్త్రకారుల మర్యాద. మొదటి సగం మాత్రమే ఉదాహరించడం శాస్త్రానికి న్యాయం చేయదు.

ప్రస్తుత విషయానికి అత్యంత సన్నిహితమైన వాక్యం శార్ఙ్గధర సంహితలో ఉంది. సుమారు పదమూడు, పద్నాలుగు శతాబ్దాల నాటి ఈ గ్రంథం పూర్వఖండం నాలుగవ అధ్యాయంలో దీపనం, పాచనం మొదలైన ఔషధకర్మలకు నిర్వచనాలు ఉన్నాయి. అందులో వ్యవాయి అనే ఒక వర్గం ఉంది. సాధారణ ద్రవ్యం ముందు పచనమై, ఆపైన దేహమంతటా వ్యాపిస్తుంది. వ్యవాయి ద్రవ్యం ముందు దేహమంతటా వ్యాపించి, ఆపైన పచనమవుతుంది. దీనికి శార్ఙ్గధరుడిచ్చిన ఉదాహరణలు రెండే: భంగ, నల్లమందు. మదకారి ద్రవ్యాలకు వేరొక నిర్వచనం చెప్పి, దానికి మద్యాన్ని ఉదాహరించాడు. భంగ ఎటువంటి మత్తు కలిగిస్తుందన్నదానికన్నా, అది దేహంలో ఎలా సంచరిస్తుందన్నదే ఇక్కడ అతని దృష్టిలో పడిన విషయం.

ఈ సంచారానికి ఉపాయమేమిటో వైద్యుల పాకశాల చెబుతుంది. విజయను యథాతథంగా వాడరాదన్నది వైద్య సంప్రదాయం. ఆకును నీటిలో పలుమార్లు కడిగి, ఆరబెట్టి, ఆవునేతిలో మందాగ్నిపై వేయించి శోధించాలి. ఆవుపాలలో ఉడికించే పద్ధతి కూడా ఉంది. గ్రహణీ రోగానికి వాడే జాతీఫలాది చూర్ణంలో ఇది ఇతర ద్రవ్యాలతో కలిసి చేరుతుంది. కాశీలో శివరాత్రినాడు చేసే ఠండాయిలో సైతం భంగు పాలతో, బాదంపప్పుతో కలుస్తుంది. వైద్యశాలలో నెయ్యి, వీధిలో పాలు, బాదం. సర్వత్రా స్నేహద్రవ్యమే దీనికి వాహనం.

ఈ సంప్రదాయాన్ని ఆధునిక వైద్యదృష్టితో మొదట లిఖించినవాడు విలియం బ్రూక్ ఓషానెస్సీ. ఐర్లండు దేశస్థుడైన ఇతడు కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడు. 1839లో ప్రకటించిన వ్యాసంలో మాజూన్ అనే మిఠాయి తయారీని వివరించాడు. ఆకుకు సమానమైన తూకంలో నెయ్యి, కొంత నీరు చేర్చి బొగ్గులపై కాచేవారు. నీరంతా ఇగిరి నెయ్యి చిటపటలాడినప్పుడు దించి, వేడిగా ఉండగానే గుడ్డలో పిండేవారు. ఆకుసారం, ఆకు రంగు ఆ నేతిలోకి దిగేవి. పాలు, చక్కెర పాకంలో ఆ నెయ్యి కలిపి, పళ్ళెంలో పోసి, ముక్కలుగా కోసేవారు. నేటి గమ్మీకి ఇది పూర్వరూపం. ఆ వ్యాసంలోనే నలభై దినాల పసిపాపకు వచ్చిన మూర్ఛలు గంజాయి సారంతో శమించిన వృత్తాంతం కూడా ఉంది. ఆ సారంలో ఏ అంశం పనిచేసిందో ఆనాడు ఎవరికీ తెలియదు.

తెలియడానికి మరొక శతాబ్దం పట్టింది. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ బృందం సి.బి.డి.ని వేరుచేసింది. 1963లో ఇజ్రాయేల్ శాస్త్రజ్ఞుడు రఫాయెల్ మెషూలమ్ దాని నిర్మాణాన్ని నిర్ధారించాడు. మరుసటి సంవత్సరం, 1964లో, గావోని, మెషూలమ్ కలిసి మత్తుకు కారణమైన టి.హెచ్.సి. స్వరూపాన్ని వెల్లడించారు. ఒకే పత్రంలో ఉన్న ఈ రెండింటి ప్రకృతులు భిన్నం. టి.హెచ్.సి. మదాన్ని కలిగిస్తుంది, సి.బి.డి. ఆ విధమైన మదాన్ని కలిగించదు. అయినా దేహప్రవేశ మార్గం రెండింటికీ దాదాపు సమానం. రెండూ నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి.

ఆ మార్గం ఇటువంటిది. తిన్న మిఠాయి ఉదరంలో విచ్ఛిన్నమై చిన్నప్రేవును చేరాలి. అక్కడ పిత్తరసం కొవ్వును సూక్ష్మబిందువులుగా చేస్తేనే అందులో కరిగిన సి.బి.డి. ప్రేవు గోడను దాటగలదు. దాటిన దానిలో అధికభాగం రక్తంతో నేరుగా యకృత్తునకు చేరుతుంది. సర్వదేహానికి పంచబడకముందే యకృత్తు దానిని పట్టి మార్చివేస్తుంది. అందువల్ల పరగడుపున మింగిన సి.బి.డి.లో సుమారు 6 శాతం మాత్రమే రక్తంలో మిగులుతుందని పరిశోధకులు లెక్కకట్టారు. 25 మిల్లీగ్రాముల గమ్మీలో ఇది ఒకటిన్నర మిల్లీగ్రాము.

నేతి మహిమ ఇక్కడ బోధపడుతుంది. స్నేహద్రవ్యాలలోని దీర్ఘమైన కొవ్వు అణువులు ప్రేవు గోడలో చిన్న పొట్లాలుగా కూర్చబడి, రక్తంలోకి కాక శోషరస నాళాలలోకి ప్రవేశిస్తాయి. వాటిని ఆశ్రయించిన సి.బి.డి. యకృత్తును తప్పించుకొని, వక్షంలోని పెద్దనాళం గుండా పైకి ప్రయాణించి, మెడ మొదట ఎడమవైపు సిరలో కలుస్తుంది. సి.బి.డి.ని అధికమైన కొవ్వుగల ఆహారంతో తీసుకొన్నప్పుడు, ఉపవాసస్థితితో పోల్చితే, రక్తానికి అందే మొత్తం సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఏకాదశి ఉపవాసంనాడు తిన్న బిళ్ళ, ద్వాదశి పారణలో నేతి భోజనం తరువాత తిన్న బిళ్ళ దేహం దృష్టిలో ఒకే మాత్ర కావు.

కాలం విషయమూ గమనార్హం. పొగగా పీల్చినది కొన్ని నిమిషాలలోనే రక్తంలో పతాకస్థాయికి చేరుతుంది. మింగిన సి.బి.డి. ఆ స్థాయికి చేరడానికి రెండున్నర నుంచి ఐదు గంటలు పడుతుంది. తరువాత అది మేదోధాతువులో, అంటే కొవ్వులో, నిలిచి కొద్దికొద్దిగా తిరిగి వెలువడుతుంది. పలుదినాలు వరుసగా సేవించినవారి దేహంలో సగం తగ్గడానికే రెండు రోజులకు పైగా పడుతుంది.

ఇప్పుడు శార్ఙ్గధరుని వాక్యాన్ని మరల పరిశీలించాలి. దేహమంతటా వ్యాపించి, మేదస్సును ఆశ్రయించి, చాలాకాలం నిలిచి, ఆపైన క్రమంగా క్షయించే ద్రవ్యాన్ని వ్యవాయి అనడం ప్రశంసనీయమైన పరిశీలన. కాని మింగిన ద్రవ్యంలో అధికభాగం వ్యాపించకముందే యకృత్తు అనే అగ్నిద్వారం వద్ద ఆగిపోతుందన్న విషయం ఆ నిర్వచనంలో లేదు. ఆధునిక విజ్ఞానమంతా ఆనాడే చెప్పబడిందని వాదించడం వలన ఆచార్యుల గౌరవం పెరగదు. కంటికి కనిపించిన ఫలాన్ని వారు సత్యంగా నమోదు చేశారు. అదే వారి గొప్పతనం. కంటికి కనిపించని మార్గాన్ని తరువాతివారు కనుగొన్నారు. ఇద్దరికీ నమస్కరించడంలో విరోధం లేదు.

జఠరాగ్నికి కావలసిన కాలాన్ని గౌరవించకపోతే ఏమి జరుగుతుందో 2014 మార్చిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం చూసింది. పందొమ్మిదేళ్ళ యువకుడు గంజాయి కలిపిన ఒక బిస్కత్తులో, అమ్మినవాడు చెప్పినట్లే, ఒక ముక్క మాత్రమే తిన్నాడు. అర్ధగంట నుంచి గంటలోపు ఏమీ తోచక మిగిలినదంతా తిన్నాడు. మొత్తం బిస్కత్తులో 65 మిల్లీగ్రాముల టి.హెచ్.సి. ఉంది, అది ఆరున్నర మాత్రలకు సమానం. కొద్ది గంటలలో మతి చలించి, నాలుగవ అంతస్తు నుంచి దూకి మరణించాడు. టి.హెచ్.సి.ని యకృత్తు మార్చినప్పుడు ఏర్పడే పదార్థం కూడా బలమైన మదకారి. కనుక మింగినదాని మత్తు ఆలస్యంగా వచ్చినా గాఢంగా వస్తుంది.

అది టి.హెచ్.సి. కదా, సి.బి.డి.కి ఈ భయమెందుకు అన్న ప్రశ్న సహజం. ఇంటర్నెట్ ద్వారా విక్రయించిన 84 సి.బి.డి. ఉత్పత్తులను పరీక్షించి, 2017లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. చీటీపై వ్రాసిన పరిమాణం లోపల ఉన్నవి మూడింట ఒక వంతుకన్నా తక్కువ. 18 ఉత్పత్తులలో టి.హెచ్.సి. కనిపించింది. అంతేకాక, సి.బి.డి.ని మార్చే యకృత్తు ఇతర ఔషధాలనూ మార్చే స్థానమే. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే క్లోబజామ్ వంటి మందుల ప్రభావం సి.బి.డి. వల్ల పెరుగుతుంది. మోతాదు పెరిగితే యకృత్తునకే శ్రమ కలగవచ్చు. హృద్రోగానికి నిత్యం మందులు వాడే వృద్ధులు వైద్యునికి చెప్పకుండా దీనిని మిఠాయిగా తినరాదు.

సరియైన రోగికి, సరియైన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో ఇదే ద్రవ్యం అమృతతుల్యం. 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పసితనంలో ఆరంభమయ్యే రెండు దారుణమైన మూర్ఛరోగాలకు శుద్ధమైన సి.బి.డి. ద్రవాన్ని ఔషధంగా ఆమోదించింది. అది నువ్వులనూనెలో కరిగించిన ఔషధం. మళ్ళీ స్నేహద్రవ్యమే వాహనం. బిడ్డ బరువును బట్టి మాత్ర, ఆహారంతో దాని సంబంధం, యకృత్తు పరీక్షలు అన్నీ అక్కడ నియతం. కలకత్తాలో పసిపాప మూర్ఛలను గురించి వ్రాసిన 1839 నుంచి ఇక్కడికి చేరడానికి 179 సంవత్సరాలు పట్టింది.

శివునికి ప్రియమని చెప్పి భంగును సేవించేవారు ఒక విషయం స్మరించాలి. క్షీరసాగర మథనంలో పుట్టిన హాలాహలాన్ని పరమేశ్వరుడు లోకరక్షణార్థం స్వీకరించాడు గాని ఉదరంలోకి దించలేదు, కంఠంలోనే నిలిపి నీలకంఠుడయ్యాడు. మనకు ఆ కంఠం లేదు. మనం మింగినది ప్రేవులను, యకృత్తును, మేదస్సును దాటి, ఉద్దాలకుడు చెప్పినట్లు మనస్సును చేరుతుంది. దానిని వెనుకకు పిలవడం ఎవరి తరమూ కాదు. కనుక విచారణ మింగకముందే జరగాలి. ఇది ఔషధమా, ఎవరు విధించారు, ఎంత మాత్ర, దేనితో, ఎంతకాలం అన్న ప్రశ్నలకు సమాధానం లభించిన తరువాతనే చేయి నోటివైపు వెళ్ళాలి. ఆహారశుద్ధి అన్నమాటకు ఈ సందర్భంలో అర్థం అదే.

స్వస్తి.