సస్పెండ్ తర్వాత తెర మిణుకు (లైనక్స్)
పాత లైనక్స్ ల్యాప్‌టాప్‌ను సస్పెండ్ నుంచి లేపాక తెర వణకడం, మిణుకుమనడం తరచు ఎదురయ్యే లోపం. సస్పెండ్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది గానీ గ్రాఫిక్స్ చిప్ రిజిస్టర్లు చెరిగిపోతాయి. లేచాక డ్రైవర్ వాటిని మళ్లీ నింపాలి. ఇంటెల్ చిప్‌లలో తెర మోడ్‌ను అమర్చే బాధ్యత 2009 నాటి లైనక్స్ కెర్నల్ 2.6.29 వెర్షన్‌తో, తెరను నడిపే ఎక్స్ సర్వర్ నుంచి కెర్నల్‌కు మారింది.

మొదట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కు వెళ్లి తిరిగి రావాలి. దాంతో మిణుకు ఆగితే తప్పు చాలావరకు డ్రైవర్‌దే. బయటి మానిటర్ నిలకడగా ఉండి సొంత తెర ఒక్కటే వణుకుతుంటే ప్యానెల్, కేబుల్, బ్యాక్‌లైట్‌లను చూడాలి. కెర్నల్ లాగ్‌లో ‘ఫిఫో అండర్‌రన్’ అని కనిపిస్తే తెరకు పిక్సెళ్లు వేళకు అందడం లేదన్నమాట.

2013లో వచ్చిన హాస్వెల్, ఆ తర్వాతి ఇంటెల్ యంత్రాల్లో ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ (పీఎస్‌ఆర్)ను ముందుగా అనుమానించాలి. బొమ్మ మారనప్పుడు ప్యానెల్ తన సొంత మెమరీ నుంచే దాన్ని చూపిస్తూ కరెంటు ఆదా చేసే ఏర్పాటు ఇది. బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, కెర్నల్ వరుస చివర ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915కు పీఎస్‌ఆర్ విలువ 0 అని చేరిస్తే ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. ఫలితం కనిపించాకే శాశ్వతం చేయాలి. పీఎస్‌ఆర్ ఆపితే బ్యాటరీ ఖర్చు కాస్త పెరుగుతుంది. ఈ పరీక్షలు చేయకుండా సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వృథా శ్రమ.