దమాస్కస్ కత్తికి ఉక్కు మనదే

నిజాంపేట రోడ్డులో సాయంత్రం. బాచుపల్లి వైపు కార్లు బారులు తీరాయి. అపార్ట్‌మెంట్ ప్రహరీ పక్కన ఖాళీ జాగాలో, టార్పాలిన్ కింద కొలిమి వెలుగుతోంది. మీరు బండి ఆపి దగ్గరికొచ్చారు. ఊరూరూ తిరిగే కమ్మరి కుటుంబం. భర్త పట్టకారుతో ఎర్రటి పట్టీని డాకలి మీద తిప్పుతున్నాడు, భార్య కొంగు నడుముకు చెక్కి సమ్మెట ఎత్తి దించుతోంది. అతని చిన్న సుత్తి ఎక్కడ టక్కుమంటే ఆమె దెబ్బ అక్కడే పడుతుంది. మధ్యలో మాటల్లేవు.

ఆ పట్టీ లారీ కమాన్ కట్ట ముక్క. మంచి ఉక్కు. సాగగొట్టి కత్తి ఆకారానికి తెచ్చాక మళ్లీ కొలిమిలో పెట్టి, రంగు చూస్తాడు. పసుపు తిరిగితే వేడి మించినట్టే, కాసేపు ఆగుతాడు. పండుమిరప రంగుకు దిగగానే అంచు వరకే నీళ్లలో ముంచి తీస్తాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకి పెళుసుదనం తగ్గిస్తుంది. పదునంతా ఆ రెండు క్షణాల్లో ఉంది.

జపాన్‌లో సకాయ్, సెకి, జర్మనీలో జోలింగెన్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనగానే కత్తులు గుర్తొస్తాయి. ఆ వరసలో మన ఊరొకటి ఉండాల్సింది. రండి, మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుదాం.

కామారెడ్డి దాటాక ఇందల్వాయి టోల్‌గేటు. ఫాస్టాగ్ బీప్‌మనే లోపు ఒక సంగతి. 1660ల్లో ఈ దారిన వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, ఇక్కడ కత్తులు, బాకులు, ఈటెలు చేస్తారని, అవి దేశమంతా అమ్ముడుపోతాయని రాసుకున్నాడు. ముందుకెళ్లి ఆర్మూరు దగ్గర మెట్‌పల్లి దారి పట్టండి. కమ్మర్‌పల్లి మండలంలో ఉంది ఆ ఊరు, కోనసముద్రం.

ఇప్పుడు 1820ల నాటి రాత్రిలో నిలబడండి. ఊక కలిపిన మట్టితో చేసిన మూసలు కొలిమిలో పేర్చి ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము, పైన మట్టి మూత. తోలు తిత్తులు ఊదేవాళ్లు వంతులు మారుతున్నారు, గాలి మాత్రం ఆగదు. 24 గంటలు మంట తగ్గకూడదు. తర్వాత మూసలను నిదానంగా చల్లారనిచ్చి, పగలగొట్టి, లోపలి ఉక్కు బిళ్లను తీస్తారు. దానికి మట్టి పూసి మళ్లీ మళ్లీ కాలుస్తారు, తగినంత మెత్తబడేదాకా. పక్కన పారశీక వర్తకుడు నిలబడి ఉన్నాడు. ఇస్ఫహాన్ నుంచి ఇంత దూరం వచ్చాడు, ఎందుకంటే అక్కడ ఎంత ప్రయత్నించినా ఈ ఉక్కు రాలేదు. ఇదంతా కళ్లారా చూసినవాడు హెన్రీ వాయ్‌సే, త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసిపెట్టినది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది.

ఆ బిళ్లల్లో కర్బనం దాదాపు ఒకటిన్నర శాతం. నెమ్మదిగా చల్లారడం వల్ల అది గట్టి కణాలుగా పేరుకుంటుంది, తక్కువ ఎరుపు వేడిలో సాగగొట్టినకొద్దీ ఆ కణాలు వరసలు కడతాయి. ఈ ఉక్కుతో చేసిన దమాస్కస్ కత్తి మీద నీటి అలల్లా కనిపించేవి అవే. వేడి మించిందో, అలలు మాయం. ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వనాడియం ఇందుకు సాయపడుతుందని పరిశోధకులు వెర్హోవెన్, పెండ్రే 1998లో చూపించారు. లండన్‌లో మైకేల్ ఫారడే 1819 నుంచి మన ఉక్కు గుట్టు కోసం తంటాలు పడ్డాడు. ఆయన ప్రయత్నాల ఫలితంగా మిశ్రమ ఉక్కుల అధ్యయనం మొదలైంది. మన ఉక్కును కరిగించిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు నన్ను బాధిస్తుంది.

చౌక ఇంగ్లీషు ఉక్కు వచ్చింది, బొగ్గుకు అడవి కరువైంది, కొలుములు చల్లారాయి. ఊళ్లో మిగిలింది చిట్టెపు కుప్పలు, మూసల ముక్కలు. 2010లో ఉత్తర తెలంగాణలో ఎస్. జైకిషన్, శారదా శ్రీనివాసన్, గిల్ జులెఫ్ బృందం ఇలాంటి చోట్లను వెతికి నమోదు చేసింది. ఏటేటా దున్నకం ఆ కుప్పలను చదును చేస్తోంది. మీ కాలికి లోపల గాజులా మెరిసే మట్టిపెంకు తగిలితే జేబులో వేసుకోకండి. ఏ పొరలో, ఏ కుప్పలో ఉందన్నదే పరిశోధకులకు కావాలి. ఫొటో తీసి అక్కడే వదిలేయండి.