కాల్షియం సంకేతాలు, వాటిని అందుకునే ప్రోటీన్ల చరిత్ర

కండరం ముడుచుకోవడానికి, గుండె కొట్టుకోవడానికి, ఒక నాడీకణం నుంచి మరో నాడీకణానికి కబురు చేరడానికి, క్లోమం ఇన్సులిన్ వదలడానికి, ఫలదీకరణ జరిగిన అండం పిండంగా ఎదగడం మొదలుపెట్టడానికి ఆజ్ఞ ఒకే రూపంలో అందుతుంది. కణద్రవంలో కాల్షియం అయాన్లు ఒక్కసారిగా పెరగడమే ఆ ఆజ్ఞ. పెరిగిన అయాన్లను పట్టుకుని, తమ ఆకారం మార్చుకుని, పని జరిపించే ప్రోటీన్లను కాల్షియం బంధక ప్రోటీన్లు అంటారు. ట్రోపోనిన్, కాల్మోడ్యులిన్, పార్వాల్బుమిన్, కాల్సినూరిన్, ఎస్100 కుటుంబం వీటిలో ముఖ్యమైనవి.

పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ గట్టిపడి ఉన్నదే. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే అయాన్లతో పోలిస్తే, విశ్రాంతిగా ఉన్న కణం లోపలి ద్రవంలో తిరిగేవి దాదాపు పదివేలవ వంతు. ఇంత తేడాను ప్రాణం ఉన్నంతసేపూ నిలబెట్టుకోవడం వల్లనే, పొరలో ఒక ద్వారం క్షణకాలం తెరుచుకున్నా లోపల గట్టి మార్పు వస్తుంది. కాల్షియం సంకేత వ్యవస్థ అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

కుళాయి నీళ్ళలో దొరికిన ఆధారం

హంఫ్రీ డేవీ 1808లో కాల్షియాన్ని మూలకంగా విడదీశాడు. ఆ తరువాత డెబ్బై ఏళ్ళ పాటు వైద్యుల దృష్టిలో అది ఎముకలకు బలమిచ్చే సున్నపు ధాతువే. ఆ అభిప్రాయాన్ని మార్చినవాడు లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ రింగర్. కప్ప గుండెను బయటికి తీసి, ఏయే లవణాలున్న ద్రావణంలో అది ఆగకుండా కొట్టుకుంటుందో ఆయన పరీక్షించేవాడు. 1882లో ప్రచురించిన ప్రయోగాల్లో సోడియం, పొటాషియం లవణాలు సరిపోయినట్టే కనిపించింది. అయితే ఆ ద్రావణాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కాక, న్యూ రివర్ వాటర్ కంపెనీ సరఫరా చేసే కుళాయి నీళ్ళతో కలిపారని తరువాత తేలింది. ఆ నీళ్ళలో కాల్షియం ఉంది. శుద్ధమైన నీళ్ళతో మళ్ళీ చేస్తే గుండె కొద్దిసేపటికే నీరసించి ఆగిపోయింది. కాస్త కాల్షియం లవణం కలిపితే తిరిగి కొట్టుకుంది.

రింగర్ 1883లో ఈ సంగతంతా దాచకుండా రాసి, తన మొదటి నిర్ణయాన్ని తానే సవరించుకున్నాడు. శరీరధర్మ శాస్త్రంలో ఇంతకంటే నిజాయితీ గల పత్రాలు అరుదు. ఆయన ద్రావణానికి 1930లలో అమెరికన్ పిల్లల వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్ చేర్చాడు. ఇవాళ మన ఆసుపత్రుల్లో ‘ఆర్‌ఎల్’ అని ఎక్కించే సెలైన్, రింగర్స్ లాక్టేట్, అదే.

రెండో ఆధారం బాల్టిమోర్ నుంచి వచ్చింది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తీసేసిన కుక్కలకు ఒళ్ళంతా కొంకర్లు పోయి ప్రాణం మీదకు వచ్చేది. జాన్స్ హాప్కిన్స్‌లో విలియం మెక్‌కాలమ్, కార్ల్ ఫోగ్ట్లిన్ 1909లో, కాల్షియం లవణం ఎక్కిస్తే ఆ కొంకర్లు త్వరగా విడిపోతాయని చూపారు. రక్తంలో కాల్షియం కాస్త తగ్గినా నరాలు అదుపు తప్పుతాయని అప్పుడు స్పష్టమైంది. థైరాయిడ్ ఆపరేషన్ అయినవారికి ఆ తరువాతి రోజుల్లో రక్తంలో కాల్షియం పరీక్ష చేయించడం ఈ జ్ఞానం ఫలితమే.

కండరం చెప్పిన రహస్యం

కణం వెలుపల కాల్షియం అవసరమని తేలింది, సరే. కణం లోపల దాని పని ఏమిటి? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లూయిస్ విక్టర్ హైల్‌బ్రన్ ఈ ప్రశ్నను జీవితకాలం పట్టుకున్నాడు. ఫ్లాయిడ్ వియర్‌సిన్‌స్కీతో కలిసి 1947లో కప్ప కండరపు పోగుల్లోకి రకరకాల లవణాలు ఎక్కించి చూశాడు. శరీరంలో సహజంగా ఉండే అయాన్లలో పోగును ముడుచుకునేలా చేసింది కాల్షియం ఒక్కటే. జపాన్‌లో కమాడా, కినోషితా అంతకు నాలుగేళ్ళ ముందే ఇలాంటి ఫలితమే చూశారు. యుద్ధకాలం కావడంతో అది బయటి ప్రపంచానికి పెద్దగా తెలియలేదు.

చాలామంది దీన్ని నమ్మలేదు, దానికి బలమైన కారణమే ఉంది. పోగు ఉపరితలం నుంచి నడిమధ్యకు ఒక పదార్థం వ్యాపించాలంటే పట్టే కాలాన్ని శరీరధర్మ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ లెక్కగట్టాడు. కండరం స్పందించే వేగం ముందు ఆ కాలం మరీ ఎక్కువ. కాల్షియం బయటి నుంచే రానక్కరలేదని, పోగు లోపలే అల్లుకుని ఉన్న సన్నని సంచుల్లో నిల్వ ఉంటుందని తేలాకగానీ ఈ చిక్కు విడలేదు.

ఆ చిక్కు విప్పినవారిలో సెత్సురో ఎబాషి, ఆనెమరీ వెబర్ ముఖ్యులు. కండరపు ప్రోటీన్ల ఎంజైము చర్య అతి స్వల్పమైన కాల్షియం మీద ఆధారపడుతుందని వెబర్ 1959లో చూపింది. కండరం సడలడానికి తోడ్పడే పదార్థం అని అంతకుముందు పిలుస్తూ వచ్చినది నిజానికి కాల్షియాన్ని లోపలికి లాక్కునే సూక్ష్మమైన సంచులేనని ఎబాషి నిరూపించాడు. 1965లో ఆయన, అయాకో కొడామా కలిసి కండరంలో ఒక కొత్త ప్రోటీన్ కనిపెట్టారు. అదే ట్రోపోనిన్. దానిలో మూడు భాగాలున్నాయి. సి భాగం కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఐ భాగం కండరాన్ని ఆపి ఉంచుతుంది, టి భాగం ఆ రెంటినీ పోగుకు కట్టిపడేస్తుంది. సి భాగానికి కాల్షియం అందగానే ఐ భాగం పట్టు సడలుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఛాతీలో నొప్పి అని వెళ్తే ఆసుపత్రిలో చేసే ‘ట్రోపోనిన్ టెస్ట్’ గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఈ టి, ఐ భాగాలనే కొలుస్తుంది. ఎబాషికి గానీ వెబర్‌కు గానీ నోబెల్ బహుమతి రాలేదు. వచ్చి ఉండవలసింది.

కణం ఎందుకు ఇంత కష్టపడుతుంది

లోపలికి వచ్చిన కాల్షియాన్ని కణం వెంటనే తోడిపోయాలి. ఊట పట్టిన పడవలో నీళ్ళు తోడిపోసినట్టు ఈ పని ఎన్నడూ ఆగదు. సంచుల్లోకి తోడే పంపును 1961లో జర్మనీలో విల్హెల్మ్ హాసెల్‌బాఖ్, మడోకా మకినోసె వివరించారు. కణం వెలుపలికి తోడే పంపును 1966లో ఎర్ర రక్తకణాల్లో హాన్స్ షాట్స్‌మన్ కనుగొన్నాడు. రెండూ కణంలో శక్తిని అందించే అణువైన ఏటీపీ ఖర్చుతోనే నడుస్తాయి. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా గుర్తించారు. ఏటీపీ విడిపోయినప్పుడు వచ్చే ఫాస్ఫేటును కొలవడానికి ఫిస్కే, సుబ్బారావు 1925లో రూపొందించిన పద్ధతి తరువాత దశాబ్దాల పాటు ఇలాంటి ఎంజైములను పరిశోధించే ప్రయోగశాలల్లో నిత్యం వాడుకలో ఉంది.

ఇంత శక్తి ఖర్చు పెట్టి కాల్షియాన్ని గెంటడం ఎందుకనే ప్రశ్నకు రాబర్ట్ క్రెట్సింగర్ 1970లలో ఒక సమాధానం చెప్పాడు. కణం తన శక్తి వ్యవహారమంతా ఫాస్ఫేటుతో నడుపుతుంది. కాల్షియం, ఫాస్ఫేటు ఎక్కువ మోతాదుల్లో కలిస్తే నీటిలో కరగని లవణంగా గట్టిపడతాయి. ఎముక గట్టిదనం అలా వచ్చిందే. కణం లోపల అలా జరిగితే చావే. కాబట్టి తొలి జీవకణాలు ఆత్మరక్షణ కోసం కాల్షియాన్ని బయటకు తోలి ఉంటాయి. అలా ఏర్పడిన తేడా తరువాత సంకేతానికి పనికొచ్చింది. నిరూపణకు అందని గతం గురించిన ఊహే అయినా, ఇంతకంటే నచ్చజెప్పే వివరణ ఇంకొకటి రాలేదు.

చేతి వేళ్ళలాంటి ఆకారం

క్రెట్సింగర్‌కు ఈ రంగంలో మరింత పెద్ద స్థానం ఇచ్చింది ఒక చేప. కార్ప్ చేప కండరంలోని పార్వాల్బుమిన్ అణు నిర్మాణాన్ని ఆయన బృందం 1973లో ఎక్స్‌రేలతో ఛేదించింది. రెండు మెలికల చుట్టల మధ్య పన్నెండు అమైనో ఆమ్లాల ఉచ్చు, ఆ ఉచ్చులో ఒక కాల్షియం అయాన్. చాచిన బొటనవేలు, చూపుడువేలు గుర్తుకు తెచ్చే ఈ అమరికకు ‘ఈఎఫ్ హ్యాండ్’ అని పేరు పెట్టారు. అదే అమరిక ట్రోపోనిన్ సిలోనూ, ఇంకా వందల ప్రోటీన్లలోనూ బయటపడింది.

వాటన్నిటిలోకీ ప్రధానమైన కాల్మోడ్యులిన్ మరో దారిన దొరికింది. 1970లో అమెరికాలోని మెంఫిస్‌లో వాయ్ యు చ్యూంగ్ ఒక ఎంజైమును శుద్ధి చేస్తున్నాడు. శుద్ధి పెరిగేకొద్దీ దాని చురుకు తగ్గిపోయింది. ఎంజైమును చురుకు చేసే ఇంకో ప్రోటీన్ ఆ శుద్ధిలో విడిపోతోందని ఆయన గ్రహించాడు. అదే ఏడాది ఒసాకాలో షిరో కకియూచీ కూడా దానిని పట్టుకున్నాడు, అది పనిచేయడానికి కాల్షియం కావాలనీ చూపాడు. 148 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్‌లో నాలుగు ఈఎఫ్ హ్యాండ్లుంటాయి. మనిషిలోనూ, కోడిలోనూ, కప్పలోనూ ఒక్క అక్షరం తేడా లేదు. కోట్ల ఏళ్ళుగా ప్రకృతి మార్పును సహించలేదంటే దాని పని ఎంత సున్నితమో ఊహించుకోవచ్చు. దాని త్రిమితీయ నిర్మాణాన్ని 1985లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అలబామా బృందపు పత్రంలో మొదటి పేరు యార్లగడ్డ సుధాకర్ బాబుది.

ఈఎఫ్ హ్యాండ్ ఒక్కటే దారి కాదు. కంటి కటకంలోని క్రిస్టలిన్ల కుటుంబానికి చెందిన అమరిక కూడా కాల్షియాన్ని పట్టుకోగలదని, సూక్ష్మజీవుల ప్రోటీన్లలోనూ అది ఉందని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో యోగేంద్ర శర్మ బృందం చాలా ఏళ్ళు పరిశోధించి చూపింది.

కంటికి కనిపించిన సంకేతం

1960ల దాకా కాల్షియం పెరుగుదలను ఫలితాల ద్వారా ఊహించడమే. ఒసాము షిమొమురా 1960ల మొదట్లో అమెరికా పడమటి తీరపు జెల్లీ చేపల నుంచి ఎక్వోరిన్ అనే ప్రోటీన్ తీశాడు. కాల్షియం తగిలితే అది నీలంగా వెలుగుతుంది. దాన్ని ఎక్కించిన చేప గుడ్డులో, ఫలదీకరణ క్షణాన కాల్షియం ఒక కొస నుంచి మరో కొసకు అలగా సాగడాన్ని 1978లో లయనెల్ జాఫీ సహచరులతో కలిసి చూశాడు. 1980లలో రోజర్ చెన్ కణాల్లోకి సులువుగా చొప్పించే ఫ్యూరా-2 వంటి రంగులు తయారుచేయడంతో ఆ చూపు ప్రతి ప్రయోగశాలకూ అందింది.

హార్మోను వచ్చి కణం తలుపు తడితే లోపలి నిల్వ ఎలా తెరుచుకుంటుందన్నది మైకేల్ బెరిడ్జ్ తేల్చాడు. ఈగల లాలాజల గ్రంథులతో మొదలైన ఆయన పని 1983లో ఐపీ3 అనే చిన్న అణువు దగ్గర ఫలించింది. పొరలో పుట్టే ఆ అణువు లోపలి సంచుల ద్వారాలు తెరుస్తుంది.

వ్యవస్థ తప్పినప్పుడు

మెల్‌బోర్న్‌లో 1960లో కాలు విరిగిన ఒక యువకుడు ఆపరేషన్ కంటే మత్తుమందుకే ఎక్కువ భయపడ్డాడు. తన బంధువుల్లో పదిమంది మత్తులోనే చనిపోయారని చెప్పాడు. వైద్యులు డెన్‌బరో, లవెల్ అతని మాట విని, రాసిపెట్టారు. మత్తుమందు తగలగానే ఒళ్ళు కాలిపోయి కండరాలు బిగిసే ఈ వంశపారంపర్య స్థితిలో తప్పు చాలా కుటుంబాల్లో కండరపు కాల్షియం ద్వారమైన ర్యానోడిన్ గ్రాహకంలో ఉందని మూడు దశాబ్దాల తరువాత తెలిసింది. దాన్ని మూసే డాంట్రోలీన్ ఇవాళ ప్రాణాలు కాపాడుతోంది. రోగి చెప్పిన కుటుంబ చరిత్రను వైద్యులు పట్టించుకోవడం వల్ల ఒక జబ్బు బయటపడిన ఉదాహరణ ఇది.

మందుల దుకాణంలో కాల్షియం సంకేతాల చరిత్ర ఇంకా చాలా ఉంది. 1960లలో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ వివరించిన కాల్షియం ద్వారాల నిరోధం నుంచే బీపీకి రోజూ వేసుకునే ఆమ్లోడిపిన్ జాతి మందులు వచ్చాయి. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు కాల్సినూరిన్ అనే ఎంజైమును ఆపుతాయని 1991లో తేలింది. కాల్మోడ్యులిన్ అదుపులో ఉండే ఆ ఎంజైము ఆగితే రోగనిరోధక కణాలు కొత్త అవయవం మీద దాడికి దిగవు. అల్జీమర్స్‌లో కాల్షియం అదుపు తప్పుతుందన్న వాదన 1980ల నుంచి ఉంది, కానీ దాని నుంచి గట్టి చికిత్స ఇంతవరకు రాలేదు.

ఒక అపోహ తొలగించాలి. కాల్షియం మాత్రలు మింగితే ఈ సంకేతాలు బలపడవు. భోజనంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను ఎముకను కరిగించి రక్తంలో దాని మట్టాన్ని నిలబెడుతుంది, నష్టం ఎముకకే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు సూచించింది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు దొరుకుతుంది. అది ఎముక కోసం, తప్పనిసరిగా తినాలి.

సంకేత వ్యవస్థలోని కొన్ని లోపాలు మాత్రం జన్యువుల్లో ఉంటాయి. కాల్మోడ్యులిన్‌ను మనిషిలో మూడు జన్యువులు తయారుచేస్తాయి. మూడింటిలో ఒక్కదానిలో ఒక్క అక్షరం మారినా గుండె లయ ప్రాణాంతకంగా తప్పవచ్చని 2012 తరువాతి పరిశోధనలు చూపాయి. గుండెలోని ర్యానోడిన్ గ్రాహకంలో లోపం ఉన్న పిల్లలూ ఇలాగే పరుగెత్తేటప్పుడో, భయపడినప్పుడో హఠాత్తుగా పడిపోతారు. కూర్చోబెట్టి తీసిన ఈసీజీలో ఏమీ కనిపించకపోవచ్చు. నడిపించి, పరుగెత్తించి తీసినదానిలో బయటపడుతుంది. బీటా బ్లాకర్ మందులతో చాలామందిని కాపాడవచ్చు. కాబట్టి ఆటలో స్పృహ తప్పిన పిల్లవాడిని నీరసం అనో, మూర్ఛ అనో వదిలేయకండి. గుండె వైద్యుడికి చూపించండి, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారెవరైనా ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.