విదేశాల నుంచి సొంతూరికి వస్తున్నారా? ఖమ్మం, భద్రాచలం వైపు కారు అద్దెకు తీసుకోవాలంటే ఏ పత్రాలు ఉండాలి?

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఖమ్మంలో చుట్టాల ఇళ్లు, భద్రాచలంలో రాములవారి దర్శనం, పర్ణశాల, వీలైతే మారేడుమిల్లి... నాలుగు రోజుల్లో ఇవన్నీ తిరగాలంటే కారు కావాల్సిందే. డ్రైవర్ లేకుండా మీరే నడిపే సెల్ఫ్ డ్రైవ్ కార్లు ఇప్పుడు ఫోన్‌లోనే బుక్ అవుతున్నాయి. అయితే అమెరికా, బ్రిటన్ లైసెన్సు జేబులో ఉంది కదా అని స్టీరింగ్ పడితే చిక్కుల్లో పడొచ్చు. ఎవరికి ఏ పత్రాలు కావాలో చూద్దాం.

మీ దగ్గర భారత లైసెన్సు ఉంటే...

ముందు దాని గడువు తేదీ చూడండి. విదేశాలకు వెళ్లక ముందు తీసుకున్న లైసెన్సుల గడువు చాలామందికి తెలియకుండానే ముగిసిపోతుంది. గతంలో గడువు ముగిశాక 30 రోజుల వరకు లైసెన్సు చెల్లుబాటయ్యేది. 2019 చట్ట సవరణతో ఆ వెసులుబాటు పోయింది.

గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచి, ముగిసిన తర్వాత ఏడాది వరకు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. 40 ఏళ్లు దాటినవారు ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. రెండు వారాల సెలవులో ఇదంతా పూర్తి కావడం కష్టం. టికెట్ బుక్ చేసేటప్పుడే లైసెన్సు తేదీ కూడా చూసుకుంటే మేలు.

విదేశీ లైసెన్సు మాత్రమే ఉంటే...

ఆ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) ఉండాలి. 1949 నాటి జెనీవా ఒప్పందంలో భారత్ భాగస్వామి కాబట్టి, ఆ ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్ తీసుకోండి. గుర్తుంచుకోవాల్సినవి మూడు:

- ఐడీపీ ఒక్కటే చూపిస్తే చెల్లదు. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.
- ఇది ఇచ్చిన తేదీ నుంచి ఏడాదే పనిచేస్తుంది.
- లైసెన్సు ఏ దేశానిదో పర్మిట్ కూడా ఆ దేశంలోనే తీసుకోవాలి. అమెరికాలో ట్రిపుల్ ఏ కార్యాలయాలు, బ్రిటన్‌లో పేపాయింట్ దుకాణాలు ఇస్తాయి. ఇక్కడి ఆర్టీఏ కార్యాలయాలు ఇచ్చే ఐడీపీ భారత లైసెన్సు ఉన్నవారు విదేశాల్లో నడపడానికి. అది ఇక్కడ పనికిరాదు.

గుర్తింపు పత్రాలేంటి?

భారత పౌరులైతే పాస్‌పోర్టు లేదా ఆధార్ సరిపోతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఆ దేశ పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డు లేదా వీసా చూపించాలి. ఓసీఐ కార్డు లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు.

కొన్ని యాప్‌లు ఆధార్ ఓటీపీ అడుగుతాయి. ఆధార్‌కు లింకైన పాత సిమ్ పనిచేయకపోతే బుకింగ్ అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టుతో బుక్ చేసే వీలుందా అని ముందే ఫోన్ చేసి అడగండి. చాలా సంస్థలు కనీస వయసు 21 ఏళ్లు అంటున్నాయి. డిపాజిట్ ఎంత, విదేశీ కార్డు తీసుకుంటారా అన్నదీ తెలుసుకోండి. అమెరికా, బ్రిటన్, యూఏఈ, సింగపూర్ తదితర దేశాల ఫోన్ నంబరుతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలుంది. మీ బ్యాంకు ఆ సదుపాయం ఇస్తోందో లేదో చూసుకోండి.

అసలు పాస్‌పోర్టును పూచీగా ఎవరి దగ్గరా వదిలి రావొద్దు. జిరాక్స్ ఇచ్చి, దానిపై ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

కారు నంబర్ ప్లేటు చూశారా?

నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలుంటే అది సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు. పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలుంటే డ్రైవర్‌తో నడిచే ట్యాక్సీ. తెల్ల ప్లేటు సొంత వాహనం, దాన్ని అద్దెకు ఇవ్వకూడదు. ‘‘మనవాళ్ల కారే, రోజుకింత ఇస్తే చాలు’’ అని ఊళ్లో ఎవరైనా అంటే ఆలోచించండి. అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగిందని తేలితే బీమా కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు.

తాళాలు తీసుకునే ముందు ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, ఫిట్‌నెస్, పర్మిట్... ఈ ఐదూ అడగండి. డిజీలాకర్, ఎంపరివాహన్‌లో చూపించినా చెల్లుతాయి. కానీ అడవి దారిలో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, అందుకే ప్రతుల సెట్ ఒకటి కారులో పెట్టించుకోండి.

భద్రాచలం దాటితే రాష్ట్రం మారుతుంది

2014లో పోలవరం ప్రాజెక్టు కోసం అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది, పక్కనే ఉన్న ఎటపాక మాత్రం ఆంధ్రప్రదేశ్‌ది. చింతూరు, మారేడుమిల్లి కూడా అంతే. చింతూరు నుంచి ఇంకొంత దూరం వెళ్తే కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్, మోటు దగ్గర ఒడిశా మొదలవుతాయి.

అందుకే కారుకు ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో చూడండి. ఒక్క రాష్ట్రానికే పర్మిట్ ఉంటే, సరిహద్దు దాటే ముందు పక్క రాష్ట్రం తాత్కాలిక పర్మిట్, పన్ను ఎవరు కట్టాలో యజమానితో తేల్చుకోండి. ఒప్పందంలో ‘రాష్ట్రం దాటకూడదు’ అనే షరతు ఉందేమో చదవండి. సరిహద్దు చెక్‌పోస్టుల్లో పోలీసులు ఆపితే కారు పత్రాలతో పాటు మీ గుర్తింపు పత్రమూ చూపించాలి.

రైల్లో వచ్చేవారికి ఇంకో విషయం: ‘భద్రాచలం రోడ్’ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు. కారు ఎక్కడికి తెమ్మంటున్నారో బుకింగ్‌లో స్పష్టంగా రాయండి.

లైసెన్సు లేకుండా నడిపితే?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 181 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అసలు భారం ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది. చెల్లుబాటయ్యే లైసెన్సు లేని వ్యక్తి నడిపితే, బీమా కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించి ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకునే వీలుందని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ యజమాని అద్దె ఒప్పందం చూపించి మిమ్మల్ని అడుగుతాడు. మొత్తం లక్షల్లో ఉండొచ్చు.

మధ్యలో బావకో తమ్ముడికో స్టీరింగ్ ఇవ్వాలనుకున్నా ఇదే సమస్య. రెండో డ్రైవర్ పేరు, లైసెన్సు నంబరు ఒప్పందంలో ముందే రాయించండి.

ఐడీపీ తేలేదు, లైసెన్సు గడువు ముగిసింది. ఏం చేయాలి?

డ్రైవర్‌తో సహా పసుపు ప్లేటు ట్యాక్సీ మాట్లాడుకోండి. మీ లైసెన్సుతో పని లేదు. కిలోమీటరు ధర, డ్రైవర్ బత్తా, రాత్రి బస ఖర్చు, పక్క రాష్ట్రం పన్ను ఎవరివో వాట్సాప్‌లో రాయించుకుంటే తర్వాత తగువు ఉండదు. కుడివైపు నడిపే దేశాల నుంచి వచ్చినవారికి ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇదే సురక్షితం కూడా.

దారిలో ప్రమాదం జరిగితే

గాయపడినవారికి ముందు వైద్యం అందేలా చూడండి, తర్వాత పోలీసులకు, కారు యజమానికి చెప్పండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033. కారు తీసుకునేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా వీడియో తీసి పెట్టుకోండి. పాత గీతకు మీ డిపాజిట్‌లో కోత పడకుండా అదే మీకు రుజువు.